గిర్మిటు కాలపు స్త్రీలు: అర జీతపు పద్దు

1860 నవంబరు 16న మద్రాసునుండి వచ్చిన ‘ట్రూరో’ ఓడ డర్బన్ రేవు చేరినది. 1911 వరకు లక్షా యాభైరెండు వేలమంది గిర్మిటుమీద నేటాలుకు వచ్చారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. తొలి ఒప్పందం ప్రకారం పురుషునికి నెలకు 10 షిల్లింగులు, స్త్రీకి అందులో సగం. తిండిగింజల కొలతలోనూ సగమే. ఈ పద్దు చూసి స్త్రీ చేసిన పని కూడా సగమే అనుకునేవారు మనలో నేటికీ లేకపోలేదు.

నిజమేమిటి? చెరకు తోటలలో కలుపు తీసినవారు, తేయాకు కోసినవారు స్త్రీలే. తోట గంట మోగకముందే లేచి నీళ్లు, కట్టెలు తెచ్చి, వండిపెట్టి, పసిబిడ్డతో పనికి పోయేవారు. సాయంత్రం మరల పొయ్యి దగ్గరికే. ఈ రెండవ పనికి ఏ పుస్తకంలోనూ పద్దు లేదు. అది లేకుంటే మరునాడు పురుషుడు చేలోకి పోగలిగేవాడు కాడు. అనగా ఆ 10 షిల్లింగులలోనూ ఆమె కష్టం ఉన్నది. ఇక పన్ను దగ్గర మాత్రం సర్కారు ఆమెను సగమని తలచలేదు. గిర్మిటు తీరినా తిరిగిపోనివారిపై 1895లో పెట్టిన 3 పౌండ్ల పన్నును 1903లో 13 ఏండ్ల ఆడపిల్లలకూ వర్తింపజేశారు. 1914లో గాని అది రద్దు కాలేదు.

చరిత్రకారులు చాలాకాలం దొరల కాగితాలనే నమ్మారు. వాటిలో స్త్రీ నడవడి లేనిది, లేదా ఏడ్చే అబల. 1985లో బ్రిజ్ లాల్ ఫిజీ తోటల అనర్థాలకు స్త్రీలను నిందించడం తగదని చూపించాడు. జో బీల్ నేటాలు స్త్రీల శ్రమను గురించి, మెరీనా కార్టర్ మారిషస్ స్త్రీల సొంత మాటలను గురించి వ్రాశారు.

ఈ చిక్కు మనకు మాత్రమే కాదు. మెక్సికోలోని ఆజ్‌టెక్ రాజ్యంలో స్త్రీలు నేసిన నూలుబట్ట కప్పంగా, నాణెంగా చెల్లేది. బొమ్మల గ్రంథాలు మాత్రం కదురును, తిరుగలిని ఆడపిల్లకు తగిన నడవడికి గుర్తులుగా చూపాయి. ఎలిజబెత్ బ్రమ్‌ఫీల్ మట్టిలో దొరికిన కదురు బిళ్లలను, పెనం పెంకులను లెక్కించి, రాజ్యం అడిగిన భారాన్ని ఊరూరి స్త్రీలు వేరువేరు తీరుల మోశారని 1991లో వివరించింది. గ్రంథం చెప్పనిది పెంకు చెప్పింది.

నేడు సౌదీ అరేబియాలో, రియాద్ నగరపు బతా బజారులో శుక్రవారంనాడు మన భాష వినబడుతుంది. గుమిగూడేది ఎక్కువగా మగవారే. కడప, గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు యజమానుల ఇళ్ల గోడల వెనుకనే ఉంటారు. 2005నాటి సౌదీ కార్మిక చట్టం ఇంటిపనివారిని తన పరిధిలో చేర్చలేదు. వారికి వేరే నిబంధనలు 2013లో వచ్చాయి. బతా గుంపును మాత్రమే చూసి రేపు గల్ఫు తెలుగువారి చరిత్ర వ్రాస్తే, మరల సగం పద్దే మిగులుతుంది.

కనుక మన ఇండ్లలో మిగిలిన రోలు, తిరుగలి, ఓడ నంబరు చీటీ పారవేయరాదు. ముత్తవ్వలు చేసిన పనిని పెద్దలను అడిగి వ్రాసి ఉంచుదాం. ఆ పద్దు పూర్తిచేయవలసినది మనమే.