థాకరే: నీళ్లలో మునిగిన ఒక చోటు, ప్రపంచమంతా తిరిగిన ఇంటిపేరు

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంటిపేరు గురించి మాట్లాడుకుందాం. థాకరే. వినగానే మీలో చాలామందికి ముంబై, బాల్ థాకరే, పులి బొమ్మ గుర్తొచ్చుంటాయి. నేను చెప్పబోయేది ఆ రాజకీయం కాదు, ఆ స్పెల్లింగ్ కథ. మరాఠీలో ఆ పేరు 'ఠాకరే'. దాన్ని మనలాంటి వాళ్లం ఇంగ్లీషులో రాస్తే ఎలా రాస్తాం? టీ హెచ్ ఏ కే ఆర్ ఈ. ఆరు అక్షరాలతో అయిపోతుంది. కానీ వాళ్లు రాసేది టీ హెచ్ ఏ సీ కే ఈ ఆర్ ఏ వై. మధ్యలో ఆ 'సీ' ఎక్కడిది? చివర ఆ 'వై' ఎందుకు?

ఎందుకంటే అది అసలు ఒక ఇంగ్లీషు ఇంటిపేరు. అదీ స్మిత్, బ్రౌన్ లాగా వీధికి పదిమందికి ఉండే పేరు కాదు. పుట్టింది ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో, ఒక చిన్న లోయలో.

మన ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేర్లే కదా. వేటూరు నుంచి వేటూరి, కొండవీడు నుంచి కొండవీటి. ఇంగ్లండ్‌లోనూ ఇదే పద్ధతి ఉంది. కాకపోతే మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లకి వెనక. యార్క్‌షైర్‌లో గ్రేట్ టింబుల్ అనే ఊరి దగ్గర థాక్రే అని ఒక చోటు ఉండేది. అక్కడి నుంచి వచ్చినవాళ్లకి అదే ఇంటిపేరైంది. పేరుకి అర్థం వెతకాలంటే మాత్రం ఇంగ్లీషు డిక్షనరీ చాలదు, వైకింగుల భాష కావాలి. వైకింగులు 866లో యార్క్ నగరాన్ని పట్టుకున్నారు. తర్వాత వాళ్ల రైతులు ఆ చుట్టుపక్కల స్థిరపడిపోయారు. వాళ్ల భాషలో 'థక్' అంటే ఇల్లు కప్పే రెల్లుగడ్డి, 'వ్రా' అంటే మూల. రెండూ కలిపితే రెల్లు దొరికే మూల. అంతే! గొప్ప వంశం, కత్తి, కిరీటం ఏమీ లేవు. పాక కప్పుకోవడానికి గడ్డి కోసుకునే చోటు. ఇంగ్లీషులో గడ్డికప్పుకి 'థాచ్' అంటారు చూడండి, అది ఈ 'థక్'కి చుట్టమే.

ఇప్పుడు ఆ చోటు చూద్దామని వెళ్తే కనిపించదు. లీడ్స్ నగరంలో మిల్లులు పెరిగాయి, జనం పెరిగారు, తాగునీళ్లు కావాల్సొచ్చింది. అందుకని వాష్‌బర్న్ లోయలో వరసగా రిజర్వాయర్లు కట్టారు. 1879లో పూర్తయిన ఫ్యూస్టన్ రిజర్వాయర్ కింద థాక్రే అనే ఆ మూల మునిగిపోయింది. శ్రీశైలం డ్యాం కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలు ఈ వీడియో చూస్తుంటే, ఇది వాళ్లకి నేను వివరంగా చెప్పక్కర్లేదు. ఊరు నీళ్లలో ఉంటుంది, పేరు ఆధార్ కార్డు మీద ఉంటుంది.

యార్క్‌షైర్‌లో ఈ పేరుని ఎక్కువగా 'థాక్రే' అని చిన్నగానే రాస్తారు. లీడ్స్‌లో థాక్రే మ్యూజియం ఆఫ్ మెడిసిన్ ఉంది. ఆ పేరుగల కంపెనీ 1902లో ఒక మందుల షాపుగా మొదలై, తర్వాత ఆపరేషన్ సామాన్లు, కృత్రిమ తుంటి కీళ్లు తయారుచేసే స్థాయికి వెళ్లింది. కానీ ప్రపంచానికి తెలిసింది ఆ స్పెల్లింగ్ కాదు, పొడుగు స్పెల్లింగ్. దానికి కారణం ఒక్క కుటుంబం. ఆ కుటుంబం కథ సగం ఇండియాలోనే నడిచింది.

ఆ లోయకి దగ్గర్లోనే ఉన్న హాంప్స్‌త్‌వేట్ అనే పల్లె వాళ్లది. ఆ ఇంట్లో పుట్టిన థామస్ థాకరే హారో స్కూలుకి హెడ్మాస్టర్ అయ్యాడు. ఆయనకి పదహారుమంది పిల్లలు! ఆఖరివాడు విలియం మేక్‌పీస్ థాకరే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో చేరి, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న సిల్హెట్‌కి వచ్చాడు. అడవి ఏనుగుల్ని పట్టించి అమ్మి బాగా సంపాదించాడు. ఆయన కొడుకుల్లో చాలామంది ఇండియాకే వచ్చారు. మనవడు, అచ్చం తాత పేరే పెట్టుకున్నవాడు, 1811లో కలకత్తాలో పుట్టాడు. 'వానిటీ ఫెయిర్' నవల రాసింది ఈ మనవడే. మీరా నాయర్ 2004లో సినిమా తీసింది ఆ నవలనే. ఇంగ్లండ్‌లో ఒక మూలకి పరిమితమైన ఇంటిపేరు, ఒక్క రచయిత వల్ల పుస్తకాల షాపు ఉన్న ప్రతి ఊరికీ చేరింది.

ఇక్కడ రచయిత కంటే నాకు ఆయన పెదనాన్న, బాబాయ్ ఎక్కువ ఆసక్తి. పెదనాన్న పేరు కూడా విలియమే. ఆయన మన దగ్గర పనిచేశాడు. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాల్ని కంపెనీకి ఇచ్చేశాడు కదా, దత్త మండలాలు అంటాం. అక్కడ థామస్ మన్రో ప్రధాన కలెక్టరు. మన్రో కింద ఉన్న నలుగురు అసిస్టెంట్లలో ఈ విలియం థాకరే ఒకడు. మన్రోతో కలిసి రైతువారీ పద్ధతికి గట్టిగా వాదించాడు. జమీందారు మధ్యలో లేకుండా సర్కారు నేరుగా రైతు దగ్గరే శిస్తు తీసుకోవడం అన్నమాట. స్కూల్లో మనకి ఇది రైతుకి మేలు చేసిన పద్ధతి అనే చెప్పారు. కానీ 1807లో ఈయన రాసిన రిపోర్టులో ఇంకో కారణం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో కొన్ని కుటుంబాలు భూమి మీద ఆదాయంతో గొప్పగా బతకడం మంచిదే, అక్కడి నుంచే పెద్దమనుషులు, వీరులు పుడతారు. ఇండియాలో మాత్రం అలాంటి సంపద, దాంతో వచ్చే స్వతంత్ర బుద్ధి ఉండకూడదు, అది మా అధికారానికి అడ్డు. ఆయన వాదన సారాంశం ఇది. దాచిపెట్టి కాదు, అధికారిక నివేదికలో రాశాడు. రైతువారీలో రైతుకి లాభం అసలు లేదని నేను అనను. కానీ ఈ ముక్క పాఠంలో లేకుండా ఆ పాఠం పూర్తవదు.

బాబాయ్ పేరు సెయింట్ జాన్ థాకరే. ధార్వాడలో కంపెనీ అధికారి. కిత్తూరు రాజు చనిపోతే, దత్తత చెల్లదంటూ ఖజానాకి సీళ్లు వేయించాడు. కోట తలుపులు తెరవకపోతే ఫిరంగులు తెచ్చాడు. 1824 అక్టోబరు 23న రాణి చెన్నమ్మ సైన్యం బయటికొచ్చి కొట్టిన దెబ్బకి అక్కడే చచ్చిపోయాడు. డిసెంబరులో కంపెనీ పెద్ద సైన్యంతో తిరిగొచ్చి కోట తీసుకుంది. చెన్నమ్మ 1829లో బైలహొంగల్‌లో బందీగానే కన్నుమూసింది. బాబాయ్ పోయినప్పుడు కాబోయే నవలాకారుడికి పదమూడేళ్లు, ఇంగ్లండ్‌లో స్కూల్లో ఉన్నాడు.

ఇక మళ్లీ ముంబైకి వద్దాం. బాల్ థాకరే తండ్రి కేశవ్ సీతారామ్, 1885లో పుట్టారు. 'ప్రబోధన్' పత్రిక నడిపారు కాబట్టి ప్రబోధన్‌కార్ అని పేరు. కులం మీద, పురోహితుల పెత్తనం మీద నిప్పులు చెరిగిన మనిషి. వాళ్ల నాన్న పన్వేల్ ఊరి పేరుతో పన్వేల్‌కర్ అని రాసుకునేవారట. చూశారా, అక్కడా ఊరే! కొడుక్కి మాత్రం పాత ఇంటిపేరు ఠాకరే అని స్కూల్లో రాయించారు. పెద్దయ్యాక ఆ కొడుక్కి ఇంగ్లీషు నవలాకారుడి రచనలు తెగ నచ్చి, ఆ స్పెల్లింగ్ తీసుకున్నారని చెబుతారు. అంటే రెండు పేర్లకీ రక్తసంబంధం లేదు, అర్థంలోనూ సంబంధం లేదు. కలిసింది శబ్దం ఒక్కటే.

అలా యార్క్‌షైర్ రెల్లుగడ్డి మూల పేరు, కిత్తూరులో చచ్చిపోయిన అధికారి ఇంటిపేరు, మహారాష్ట్రలో మరాఠీ ఆత్మగౌరవం పేరుతో నడిచిన పార్టీ నాయకుడి బోర్డు మీదికి అక్షరం పొల్లుపోకుండా వచ్చి కూర్చుంది. ప్రబోధన్‌కార్ గారు ఆ స్పెల్లింగ్ తీసుకుంది పుస్తకాల మీద ఇష్టంతో. అందులో నాకు తప్పేమీ కనపడదు. మనం కూడా పిల్లలకి స్టాలిన్ అని, లెనిన్ అని పెట్టుకున్నవాళ్లమే కదా.

మీ ఇంటిపేరు ఏ ఊరిదో ఈసారి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఆ ఊరు ఇప్పటికీ ఉందా లేదా, అది కూడా అడగండి.