తల్లి పలక కథ

కంప్యూటరు పెట్టె మూత తీసి చూచినచో లోపల ఒక పెద్ద పలక కనబడును. దానిపై సన్నని రాగి గీతలు చీమలబారులవలె సాగిపోవుచుండును. దీనినే మదర్‌బోర్డు, అనగా తల్లి పలక, అందురు. లెక్కలు కట్టునది ప్రాసెసరు. అంకెలను దాచియుంచునది మెమరీ. వీనికి విద్యుత్తును అందించి, ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు దారి చూపుటయే పలక పని. పని చిన్నదిగా తోచును. కాని ఆ దారి ఎవరిది అను తగవుతోనే పర్సనల్ కంప్యూటరు చరిత్ర చాలవరకు నడచినది.

1975 జనవరిలో అమెరికాలోని ఒక ఎలక్ట్రానిక్సు పత్రిక ముఖచిత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రము కనబడినది. దీని అడుగు పలకపై ప్రాసెసరు లేదు, మెమరీ లేదు. నూరేసి కాంటాక్టులు గల సాకెట్లు, వానిని కలుపు సమాంతర తీగలు మాత్రమే యుండెను. ఈ తీగల గుంపునకే ‘బస్సు’ అని పేరు. ప్రాసెసరు ఒక కార్డుపైనను, మెమరీ మరియొక కార్డుపైనను ఉండును. ఆ కార్డులను సాకెట్లలో దిగవేయవలెను. తీగల వరుసను ఎవరును అంతగా ఆలోచించి కూర్చినట్లు లేదు. 8 వోల్టుల తీగ ప్రక్కనే అంతకు రెట్టింపు వోల్టేజి గల తీగ యుండెను. ఏ లోహపు ముక్కయో జారి పడినచో చిప్పులు కాలిపోవచ్చును! అయినను ఇతర కంపెనీలు ఈ సాకెట్లకు సరిపోవు కార్డులు చేసి అమ్మసాగినవి. కొందరు అదే బస్సుతో తమ స్వంత యంత్రములనే చేసిరి.

అసలు మలుపు 1981 ఆగస్టు 12న వచ్చినది. ఆనాడు ఐ.బి.ఎమ్. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినది. ఇందు ప్రాసెసరును, కొంత మెమరీని పలకపైననే అమర్చిరి. తెరకు, డిస్కునకు కావలసిన వలయములను మాత్రము కార్డులకు వదలి, వానికొరకు అయిదు సాకెట్లు ఉంచిరి. ఒక్కొక్క సాకెట్టునకు 62 కాంటాక్టులు. వానిలో 20 మెమరీ స్థానముల చిరునామాను మోయును. ఒక్కొక్క తీగకు రెండే స్థితులు గనుక, 20 రెండ్లను గుణించినచో 10,48,576 స్థానములు వచ్చును. విద్యార్థులు లెక్క వేసి చూచుకొనవచ్చును.

సుమారు ఏడాదిలో పని ముగించవలెనను తొందరలో ఐ.బి.ఎమ్. ఇంజనీర్లు బజారులో దొరకు చిప్పులనే వాడిరి. అంతేకాదు, పలక యొక్క వలయ చిత్రములను గ్రంథముగా ప్రచురించిరి. ఇతరులు కార్డులు చేసినచో తమ యంత్రమునకు గిరాకి పెరుగునని వారి లెక్క. ఆ లెక్క తప్పలేదు. కాని కార్డులు చేయగలవారు పలకను చేయలేరా? అడ్డు నిలిచినది ఒక్కటే: పలకపైని చిప్పులో నిక్షిప్తమైన బయాస్ అను ప్రోగ్రాము. దాని గ్రంథస్వామ్యము ఐ.బి.ఎమ్.ది. కాంపాక్ కంపెనీ దానిని నకలు చేయక, అదే పని చేయు ప్రోగ్రామును వేరుగా వ్రాయించి, 1982 నవంబరులో తన యంత్రమును ప్రకటించినది. దాని వెనుక మరెన్నో వచ్చినవి.

చేజారిన దారిని మరల పట్టుకొనుటకై ఐ.బి.ఎమ్. 1987లో క్రొత్త బస్సును తెచ్చి, దానిని వాడుకొను కంపెనీలు రుసుము చెల్లించవలెననెను. అది పాతదానికంటె మేలైనదే; కాని పాత కార్డులు అందులో దిగవు. 1988లో కాంపాక్ మొదలగు తొమ్మిది కంపెనీలు కూడి, పాత కార్డులను కూడ స్వీకరించు వేరొక బస్సును ప్రకటించినవి. అయితే జనులు ఈ రెంటికంటె చవుకైన పాత బస్సునే ఎక్కువగా కొనిరి.

1995లో ఇంటెల్ కంపెనీ ఎ.టి.ఎక్స్. అను కొలతను ప్రచురించినది. పలక 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉండవచ్చును. మరల రంధ్రములు ఎచ్చట ఉండవలెనో కూడ అందు నిర్ణయించిరి. ఒకరు చేసిన పలక మరియొకరు చేసిన పెట్టెలో చక్కగా ఇముడుట అందువలననే.