పరపతి కథ

తెలుగున ‘పరపతి’ అను మాటకు రెండర్థములు కలవు. నలుగురిలో ఒకనికి గల పలుకుబడి మొదటిది. అతనిపై నమ్మకముంచి ఇతరులిచ్చు అప్పు రెండవది. మన గ్రామములందలి సహకార పరపతి సంఘముల పేరులో ఈ రెండవ అర్థమే నిలిచియున్నది. ఈ రెండును ఒకే మాటలో ఇముడుట సహజమే. నమ్మకము లేనిచోట అప్పు పుట్టదు. అయితే ఆ నమ్మకమును కొలుచు పద్ధతి ఒక్కటిగా నిలువక, కాలమునుబట్టి మారుచు వచ్చినది. మారినప్పుడెల్ల క్రొత్త పద్ధతి ఎరుగనివాడు నష్టపోయినాడు. అతడెట్లు నష్టపోయెనో, పిమ్మట ఏ కట్టుబాట్లు అతనికి అండగా నిలిచెనో తెలుపు చరిత్ర మన దేశముననే కలదు.

బొంబాయి రాజధానిలోని పూనా, అహమదునగరు జిల్లాలు ఈ కథకు మొదటి రంగస్థలము. అక్కడి పల్లెలలో షావుకారు అప్పిచ్చునపుడు రైతు నడవడిని, పొలమును, పంటను చూచుకొనెడివాడు. వడ్డీ అసలును మించరాదను ‘దాందుపటు’ నియమము పెద్దల కాలమునుండి ఉండెను. వసూలునకు ఊరివారి సహాయము కావలసియుండుటచే షావుకారును కొంత హద్దులో ఉండెను.

ఇంగ్లీషువారి సివిలు కోర్టులు నెలకొనిన పిమ్మట ఈ స్థితి మారినది. కోర్టులో మాటకంటె పత్రమునకు బలమెక్కువ. చదువురాని రైతు పత్రములో ఏమున్నదో ఎరుగకయే తన నిశానీ వేసెను. చేతికందిన సొమ్ము ఒకటి, పత్రమున వ్రాసినది మరొకటి అగుట వాడుకలోనికి వచ్చెను. రైతు తీర్చిన సొమ్మునకు రసీదు దొరకకుండెను. లెక్క పుస్తకము షావుకారు ఇంటనే ఉండెను.

రైతునకు మేలు చేయు తలంపుతో 1859లో ప్రభుత్వము కాలపరిమితి చట్టమును తెచ్చినది. అప్పు పత్రము మూడేండ్లకు మించి చెల్లదని దాని సారాంశము. వడ్డీ ఏండ్ల తరబడి పేరుకొనకుండుటకు ఇది అడ్డుకట్ట కావలెను. కాని జరిగినది వేరు. కాలదోషము పట్టకముందే షావుకారు రైతును పిలిచి పత్రమును తిరుగవ్రాయించెను. బాకీపడిన వడ్డీ అసలులో కలిసి క్రొత్త పత్రమున అసలుగా మారెను. దానిపై మరల వడ్డీ నడచెను. నూరు రూపాయల అప్పుపై రెండువేల రూపాయలకు మించి వడ్డీ లాగిన ఉదంతమొకటి తరువాతి విచారణలో బయటపడినది. చట్టమును చదువగలిగినవానికి అది ఆయుధమైనది, చదువలేనివానికి ఉరియైనది.

ఇంతలో 1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమై, అక్కడి ప్రత్తి ఇంగ్లండునకు పోవుట ఆగెను. మన ప్రత్తికి ధర పెరిగెను. అప్పు అడిగినవానికి అడిగినంత దొరకెను. అడుగకయే దొరకు అప్పు ఎంత ప్రమాదకరమో అప్పుడు ఎవరును తలపలేదు. 1865లో యుద్ధము ముగియగానే ధర దిగజారినది. క్రొత్త అప్పు నిలిచిపోయినది. పాత పత్రములు మాత్రము మిగిలినవి. 1875 మే 12వ తేదీన పూనా జిల్లాలోని సూపా అను సంత గ్రామమున రైతులు షావుకారుల ఇండ్లమీదను, అంగళ్లమీదను పడిరి. వారు ముఖ్యముగా కోరినవి ధనరాసులు కావు. అప్పు పత్రములు, లెక్క పుస్తకములు. వానిని వీధిలో వేసి తగులబెట్టిరి. అల్లరి అహమదునగరు జిల్లాకును ప్రాకెను.

ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, 1879లో దక్కను రైతుల సహాయార్థము ఒక చట్టము చేసినది. పత్రమున ఏమి వ్రాసియున్నను కోర్టు దాని వెనుకనున్న నిజమైన లెక్కను విచారింపవచ్చును. రైతు వ్రాసియిచ్చు పత్రము గ్రామ రిజిస్ట్రారు ఎదుట జరుగవలెను. తీర్చిన సొమ్మునకు రసీదు, ఏటేట లెక్క వివరము, కోరినచో పాసుపుస్తకము పొందుటకు రైతునకు హక్కు కలిగినది. అప్పు తీసికొన్నవానికిని లెక్కను చూచు హక్కు కలదని చట్టము ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు.

అయినను రసీదు వలన విత్తనములు రావు. షావుకారు చేయి ముడిచినచో రైతునకు సొమ్మెక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు చెన్నపురి ప్రభుత్వము సర్ ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని నియమించినది. కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆనాడు చెన్నపురి రాజధానిలోనివే గనుక ఆ అన్వేషణ మన రైతును గూర్చినదియును. ఆయన నివేదిక 1895లోను, 1897లోను రెండు సంపుటములుగా వెలువడినది. జర్మనీలో రైఫైజన్ నెలకొల్పిన గ్రామ పరపతి సంఘముల వంటివి మన దేశమున కావలెనని ఆయన తేల్చిచెప్పెను.

రైఫైజన్ ధనికుడు కాడు. ఒక చిన్న ఊరికి మేయరు. 1846–47 కరవు కాలమున పేదలకు రొట్టె అందించుటతో ప్రారంభించి, 1864లో హెడ్డెస్‌డార్ఫున రైతుల ఋణసంఘమును స్థాపించెను. ఆయన నియమములు మిక్కిలి సులభములు. సంఘము ఒకరినొకరు ఎరిగిన చిన్న ప్రదేశమునకే పరిమితము కావలెను. అప్పు సభ్యునికే ఇయ్యవలెను. అదియు ఆదాయము తెచ్చు పనికే. ఒకని బాకీకి అందరును బాధ్యులు. అందుచే ఇరుగుపొరుగువారే అప్పు తీసికొన్నవాని పొలమును కనిపెట్టి చూచుచుందురు. ఆస్తి లేని పేదవాని సత్ప్రవర్తనయే ఇచ్చట అతనికి హామీ.

ఆ మార్గముననే 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వెలసినది. పదిమంది కలిసినచో సంఘమును రిజిస్టరు చేయవచ్చును. అయినను పని నెమ్మదిగా నడచినది. 1951–52లో 75 జిల్లాలలోని 600 గ్రామములందు రిజర్వు బ్యాంకు జరిపించిన సర్వేలో, రైతులు చేసిన అప్పులలో సహకార సంఘములిచ్చినది నూటికి 3.1 వంతు మాత్రమేయని తేలినది. అత్యధిక భాగము వడ్డీ వ్యాపారులదే.

సంఘపు గడప దాటలేని పేద స్త్రీలకు దారి మరి నలుబదియేండ్లకు దొరకినది. 1992లో నాబార్డు 500 స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో జతపరచు ప్రయోగమును చేపట్టినది. పొదుపు ముందు, అప్పు తరువాత అనునది దాని క్రమము. స్త్రీలు కొద్దికొద్దిగా కూడబెట్టి, ఆ సొమ్మునే తమలో తాము అప్పిచ్చుకొని, గడువునకు తీర్చి, ఆ పద్దును బ్యాంకునకు చూపిరి. తెలుగునాట ఈ పద్ధతి విశేషముగా వ్యాపించినది. కాని సులభముగా దొరకు అప్పు ఇచ్చటను తన గుణము చూపినది. ఒకే ఇంటికి పలు సంస్థలు అప్పులిచ్చి, ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయు స్థితి వచ్చి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను.

నేడు షావుకారు పుస్తకము కంప్యూటరులోనికి మారినది. 2005 నాటి చట్టము క్రింద పనిచేయు పరపతి సమాచార సంస్థలు మన వాయిదాలను నమోదు చేసి 300 మొదలు 900 వరకు అంకెతో మన నమ్మకమును కొలుచుచున్నవి. తొలి ఉద్యోగమునకు నగరమునకు వచ్చిన యువకునికి ఎన్నడును అప్పు లేకుండుట గుణమే. అయినను అతనిని గూర్చి పుస్తకమున ఏమియు లేకపోవుటచే బ్యాంకు సందేహించును. అట్టివానికి చరిత్ర చూపు త్రోవ ఒకటి కలదు. ముందు కొంత పొదుపు చేసి, ఆ డిపాజిట్టు హామీపై చిన్న పరిమితి గల కార్డునో, అప్పునో తీసికొని, ప్రతి గడువునకు పూర్తి సొమ్ము చెల్లించుట. ఒకటి తీరకముందు మరియొకటి ముట్టకుండుట. అప్పు చేసి పప్పుకూడు తినరాదన్న పెద్దల మాటకును, రైఫైజన్ నియమమునకును ఇక్కడ భేదము లేదు.

లెక్కను తానే చదువుకొనుట అన్నిటికంటె ముఖ్యము. 2017 నుండి ఏడాదికొకమారు తన పరపతి నివేదికను ఉచితముగా పొందు హక్కు ప్రతివానికిని కలదు. సెల్‌ఫోను ద్వారా అప్పిచ్చువారును మొత్తము ఖర్చు కలిపి వడ్డీ ఎంత పడునో ముందుగా వ్రాసియియ్యవలెనని రిజర్వు బ్యాంకు 2022లో శాసించినది. 1879లో దక్కను రైతునకు దక్కిన పాసుపుస్తకము వంటివే ఇవి. సూపా రైతులు తాము చదువలేని పత్రములను కాల్చిరి. నేటి పద్దును కాల్చుట ఎవరి తరమును కాదు. చదువుట మాత్రము మన చేతిలోనే ఉన్నది.