మన్యంలో మడమ శూల: చిన్న కోత ఆపరేషన్‌కు ఎప్పుడు వెళ్లాలి?

అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో పని అంటే సగం నడకే. కాఫీ తోటలు వాలు మీద ఉంటాయి. నవంబరు దాటి పండు కోత ఊపందుకుంటే ఎక్కుతూ, దిగుతూ, బస్తా మోస్తూనే పొద్దు గడుస్తుంది. కట్టెలకైనా, వారపు సంతకైనా చాలా ఊళ్లకు కాలిబాటే దిక్కు. అక్కడ మడమ నొప్పి పట్టుకుంటే కూలి పోయినట్టే. నెలలు గడిచినా తగ్గకపోతే ‘ఎముక పెరిగింది, చిన్న ఆపరేషన్‌తో పోతుంది’ అనే సలహా వస్తుంది. ఆ సలహాలో ఆధారం ఎంత?

తప్పు ఎముకదేనా?

మడమ కింద వదలకుండా ఉండే నొప్పికి ఎక్కువసార్లు కారణం ప్లాంటార్ ఫేషియా. మడమ ఎముక అడుగు నుంచి వేళ్ల మొదళ్ల దాకా సాగే గట్టి పట్టీ ఇది. వేళ్లు పైకి వంగినప్పుడు ఈ పట్టీ బిగిసి పాదం వంపును నిలబెడుతుందని 1954లో హిక్స్ అనే పరిశోధకుడు వివరించారు. గట్టు ఎక్కే మనిషి పాదంలో అడుగడుగునా జరిగేది అదే. పొద్దున్న లేచి వేసే తొలి అడుగుకు మడమలో పొడిచినట్టు ఉండడం, కాస్త నడిచాక సర్దుకోవడం, పని పెరిగాక మళ్లీ తిరగబెట్టడం దీని లక్షణాలు.

ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముల్లు నొప్పి లేనివారికీ ఉంటుంది. అది కనిపించినంత మాత్రాన కత్తి పట్టాల్సిన పని లేదు. మడమ ఆపరేషన్లలో తీసిన 50 నమూనాలను లెమాంట్ బృందం 2003లో పరిశీలిస్తే కనిపించింది వాపు కాదు, నారల క్షీణత. వాపు తగ్గించే మందులు ఎందుకు శాశ్వత ఫలితం ఇవ్వవో దీంతో కొంత అర్థమవుతుంది. మడమలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మేలు నెలకు మించి నిలిచినట్టు ఆధారం లేదని అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ నెల మేలుకున్న ఆధారం కూడా బలహీనమే. పైగా ఈ ఇంజెక్షన్‌తో పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు మెత్త కరిగే ప్రమాదం ఉన్నాయి.

వ్యాయామం ఎంతవరకు?

ఎక్కువమందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందని పుస్తకాలు చెబుతాయి. కానీ డెన్మార్క్‌లో 174 మంది రోగులను 5 నుంచి 15 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించిన 2018 అధ్యయనం అంత ధీమా ఇవ్వదు. పదేళ్లకూ దాదాపు 45 శాతం మందిలో బాధ మిగిలే ఉందని దాని అంచనా. వారంతా ప్రత్యేక క్లినిక్ దాకా వచ్చిన రోగులు కనుక ఊళ్లో ప్రతి మడమ నొప్పికీ ఈ లెక్క వర్తించదు.

వ్యాయామాల్లో రెండింటికి పరీక్షల అండ ఉంది. ఒకటి, పొద్దున్నే కాలు నేల మీద పెట్టకముందే చేసేది. నొప్పి కాలిని రెండో కాలి మీద వేసుకుని, వేళ్లను చేత్తో వెనక్కి లాగి పది లెక్కపెట్టాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. రెండోది 2014లో 48 మందితో డెన్మార్క్‌లోనే పరీక్షించినది. మెట్టు అంచున ఒంటికాలిపై నిలబడి, వేళ్ల కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, మడమను నెమ్మదిగా ఎత్తి దించాలి. రోజు విడిచి రోజు చేస్తూ, వీపున సంచి తగిలించుకుని క్రమంగా బరువు పెంచాలి. మూడు నెలలకు మామూలు సాగదీత కంటే ఇది మెరుగు. ఏడాదికి తేడా చెరిగిపోయింది. దీనికి ఇంటి అరుగు, చోళ్ల సంచి చాలు.

కోత చిన్నది, తెగేది అదే పట్టీ

చిన్న కోత ఆపరేషన్లలో కెమెరాతో చేసే పద్ధతిని బారెట్, డే అనే వైద్యులు 1991లో వెలువరించారు. మడమ లోపలి పక్క చిన్న గాటు పెట్టి, పట్టీ కింద నుంచి గొట్టం దూర్చి, కెమెరాలో చూస్తూ పట్టీ లోపలి భాగాన్ని కొంత మేర కోస్తారు. అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో చెడిన కణజాలాన్ని తొలగించే పద్ధతులూ, పిక్క కండరాన్ని కొద్దిగా వదులు చేసే ఆపరేషనూ ఉన్నాయి. కోత చిన్నదైతే గాయం త్వరగా మానుతుంది, ఇన్ఫెక్షన్ భయం తగ్గుతుంది. కానీ పాదం వంపును మోసే పట్టీ కొంత తెగింది కదా. ఎక్కువ తెగితే వంపు కుంగి, బరువు పాదం బయటి అంచుకు మళ్లి అక్కడ కొత్త నొప్పి మొదలవ్వొచ్చు. 2006లో కంప్యూటర్ నమూనాతో చేసిన విశ్లేషణ కోతను 40 శాతంలోపే ఉంచమని సూచించింది. పక్కనే ఉన్న చిన్న నరం దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

ఈ ఆపరేషన్లపై జరిగిన పరీక్షలు చాలావరకు బూట్లు వేసుకుని చదును నేల మీద తిరిగేవారివి. వారికి చెప్పిన ‘కొన్ని వారాల జాగ్రత్త’ మన్యంలో మరో పరీక్ష అవుతుంది. వాలు దిగకుండా, తల మీద మోపు ఎత్తకుండా ఆ వారాలు గడవాలి.

ముందు తేల్చాల్సినవి

ఇక్కడి ఆదివాసీ సమాజాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. దాని నిర్మూలనకు కేంద్రం 2023 జూలై 1న ప్రత్యేక మిషన్ కూడా మొదలుపెట్టింది. ఎముకల నొప్పి, ఎముకలో ఇన్ఫెక్షన్ ఆ వ్యాధిలో మామూలే. అందుకే మడమ నొప్పితో వచ్చినవారికి ముందుగా రక్తపరీక్ష అవసరమా అని ఆలోచించాలి. రాత్రి విశ్రాంతిలోనూ నొప్పి, జ్వరం, వాపు, స్పర్శ తగ్గడం, బరువు తగ్గడం ఉంటే క్షయ, కుష్ఠు, కీళ్లవాతం వంటివి కాదని తేల్చుకోవాలి. ఈ దశ దాటకుండా చేసే ఆపరేషన్ ఎంత చిన్నదైనా తప్పు చోట పడ్డ కోతే.

రోగ నిర్ధారణ స్పష్టంగా ఉండి, ఆరు నెలలకు పైగా వ్యాయామం, మెత్తటి అడుగున్న చెప్పులు, బరువు తగ్గింపు నిజంగా పాటించినా నడక సాగనివారికే ఆపరేషన్ ఆలోచన తగినది. వారు డాక్టరును అడగాల్సినవి: పట్టీ ఎంత మేర కోస్తారు, ఎన్ని వారాలకు గట్టు ఎక్కవచ్చు, నొప్పి తిరగబెడితే ఎవరు చూస్తారు. అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్లు కనుక మూడో ప్రశ్నకు జవాబు దగ్గరి ఆసుపత్రిలో దొరకాలి. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి ఆపరేషన్‌ను కాఫీ కోతలు అయ్యాకే పెట్టుకోవడం మేలు.