గోదావరి సీమలో తత్వగీతం: ఏకతార నుంచి రేడియో దాకా

గోదావరి డెల్టాలో తత్వాలు పాడేవారు రెండు తెగలు. ఊరూరా తిరుగుతూ ఏకతార మీటుకుంటూ భిక్షకు వచ్చే బైరాగులు, సాధువులు ఒక తెగ. పగలంతా పొలంలోనో, మగ్గం దగ్గరో, కొలిమి దగ్గరో పనిచేసి, రాత్రి భోజనాలయ్యాక రామాలయం అరుగు మీద కూడే గృహస్థులు రెండో తెగ. మొదటివారు పాటను మోసుకొచ్చారు, రెండోవారు దాన్ని ఊళ్లో నిలబెట్టారు. పంచారామాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం ఈ సీమలోనే ఉండడంతో కార్తీకంలోనూ శివరాత్రికీ ఇక్కడి రేవులు, సత్రాలు సాధువులతో నిండేవి. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాలకు దూర ప్రాంతాల గురుపరంపరల వాళ్లు కూడా రాజమహేంద్రవరం, కోటిపల్లి రేవులకు చేరేవారు. రాయలసీమకు చెందిన పోతులూరి వీరబ్రహ్మం తత్వాలు, ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య పేరు మీద నడిచే పాటలు ఇంత దూరాన కోనసీమ తోటల్లో వినిపించాయంటే అందులో ఈ రాకపోకల పాత్ర పెద్దది.

తత్వం కట్టుబడి తేలికైనది. ఒక పల్లవి, నాలుగైదు చరణాలు, చివర గురువు పేరో కవి పేరో ముద్రగా ఉంటాయి. ఆదితాళం, చాపుతాళం నడకలు, పున్నాగవరాళి, నాదనామక్రియ, ఆనందభైరవి వంటి రాగాల ఛాయలు తరచుగా వినిపిస్తాయి. సంగీతం నేర్వని గొంతుకు కూడా పట్టుబడే వరసలివి. లోపలి సరుకు మాత్రం తేలిక కాదు. దేహం తొమ్మిది వాకిళ్ల ఇల్లు, జీవుడు అందులో మూణ్ణాళ్లు దిగిన బాటసారి. వెన్నెముక అడుగున చుట్టుకుని పడుకున్న పాము లేచి ఆరు తామరలు దాటుతుంది. ఇడ, పింగళ నదులు సుషుమ్నలో కలిసిన చోట సాధకుడు మునుగుతాడు. కళ్లు మూసుకుంటే నీలి బిందువు, తలలో నిండు వెన్నెల. చెవులు మూసుకుంటే గంట, శంఖం, వేణువు, మేఘం వంటి పదిరకాల నాదాలు మోగుతాయి. ఇవి కవి ఊహలో పుట్టిన అలంకారాలు కావు. హఠయోగ, తారకయోగ గ్రంథాలు సాధనలో కలుగుతాయని చెప్పిన అనుభవాలే పాటలోకి దిగాయి. సంస్కృతం రాని రైతుకు ఆ శాస్త్రం అందడానికి ఉన్న దారి ఈ పాటే.

కొన్ని తత్వాలు కావాలనే తలకిందులుగా నడుస్తాయి. జరగనిది జరిగినట్టు, చిన్నది పెద్దదాన్ని మింగినట్టు చెబుతాయి. వాటి మర్మం గురువు విప్పితేగాని తెలియదు. అందుకే భజన గోష్ఠిలో పాటకు ఎంత సమయమో, చరణం చరణానికీ ఆగి పెద్దాయన చెప్పే అర్థానికీ అంతే సమయం పట్టేది. అచల సంప్రదాయం వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. కనబడే వెలుగులు, వినబడే నాదాలు కూడా ‘ఎరుక’లోని మాయేనని, వాటినీ వదిలితే మిగిలేది ‘బట్టబయలు’ అని వారి బోధ. దర్శనాలను అంతగా వర్ణించిన పాటల సరసనే ఆ దర్శనాలకు లొంగవద్దని హెచ్చరించే పాటలూ ఉండడం ఈ సాహిత్యంలోని గొప్ప నిజాయితీ.

1960ల్లో పాశ్చాత్య దేశాల్లో సైకెడెలిక్ జానపద గీతం అని పేరుపడినది ఈ లక్షణాలనే వెతుక్కుంటూ తూర్పు వైపు చూసింది. 1966లో ఎడిన్‌బరోలో మొదలైన ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ పల్లె పాటలకు సితార్ జోడించింది. 1968లో స్కాట్లండ్ గాయకుడు డోనోవన్ బీటిల్స్‌తో పాటు రిషీకేశ్‌లో ధ్యానానికి కూర్చున్నాడు. 1967 నాటి బాబ్ డిలన్ రికార్డు అట్ట మీద బెంగాల్ బావుల్ గాయకులు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆగని శ్రుతి, మళ్లీ మళ్లీ తిరిగే పల్లవి, లోచూపు బొమ్మలు రెండు చోట్లా ఉన్నాయి. తేడా సాధనలో ఉంది. అక్కడ చాలామంది ఆ చూపును మత్తుమందుతో తెచ్చుకోవాలని చూస్తే, తత్వాలు దాన్ని ఊపిరి నిలపడంతోనూ గురుసేవతోనూ ముడిపెట్టాయి. సాధువుల్లో గంజాయి చిలుములు లేకపోలేదు, కానీ పాట వాటికి పీట వేయలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ లోచూపు అచ్చు కవిత్వంలోకి మళ్లిన చోటు పిఠాపురం. అక్కడి శ్రీ విశ్వ విజ్ఞాన విద్య ఆధ్యాత్మిక పీఠానికి ఆరో పీఠాధిపతి అయిన ఉమర్ అలీషా (1885–1945) సూఫీ గురువు, తెలుగు పద్యకవి. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ నుంచి తెలుగు చేశారు. సూఫీ వాడుకలో మధువు దైవప్రేమకు, మత్తు అహం కరిగిపోవడానికి గుర్తు. తత్వం పామును, తామరను వాడుకున్నట్టే ఆ మార్గం మధుపాత్రను వాడుకుంది. వేదాంతాన్నీ సూఫీ మతాన్నీ ఒకే పీఠం నుంచి, ఒకే తెలుగులో బోధించడం ఈ సీమ చరిత్రలో మరచిపోకూడని ఘట్టం.

అదే పిఠాపురం రాజా సూర్యారావు బహదూరు బ్రహ్మసమాజాభిమాని. కాకినాడలోని పిఠాపురం రాజా వారి కళాశాలకు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆ సమాజానికి ఆంధ్రలో పెద్ద దిక్కు. అంతకు ముందే 1878లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో ప్రార్థన సమాజం పెట్టారు. విగ్రహం లేని దేవుణ్ణి పాటతోనే కొలవాలి గనుక కొత్త పాటలు కావలసి వచ్చాయి. 1913లో టాగూరుకు నోబెల్ బహుమతి రావడంతో గీతాంజలి ఆ పాటలకు వరవడి అయింది. వేంకటపార్వతీశ్వర కవులుగా పేరుపొందిన బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశం 1922లో వెలువరించిన ‘ఏకాంతసేవ’ ఈ గాలిలో పుట్టింది. జీవాత్మ ప్రేయసిగా, పరమాత్మ ప్రియుడిగా సాగే కావ్యమది. తత్వం గురువు శిష్యుడితోనో, సాధకుడు తన మనసుతోనో ఆడే మాట. ‘ఏకాంతసేవ’లో మధ్యవర్తి లేడు, మర్మం విప్పేవాడూ అక్కర్లేదు. ఆత్మ నేరుగా దైవంతో మాట్లాడుతుంది. ఈ ఒక్క మార్పుతో పాట భజన అరుగు దిగి చదువరి ఏకాంతంలోకి చేరింది.

పిఠాపురం ఆస్థాన కవుల ఇంట 1897లో పుట్టి, వెంకటరత్నం నాయుడికి శిష్యుడైన దేవులపల్లి కృష్ణశాస్త్రి దాన్ని ఇంకా లోపలికి తీసుకుపోయారు. 1925 నాటి ‘కృష్ణపక్షం’లో కవి తన దుఃఖంతోనే మాట్లాడుకుంటాడు. చెట్టు, ఆకు, కొమ్మ తానే కావాలన్న కోరికలో తత్వకారుల అద్వైతం వేరే బట్ట కట్టుకుని కనిపిస్తుంది. తర్వాత ఆయన రాసిన భక్తిగీతాల్లో దేవుడు తిరిగి వచ్చాడు, విరహం మాత్రం పోలేదు.

అదే 1925లో నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ పుస్తకమైంది. గోదావరి సీమలోని వసంతవాడలో పుట్టి, ఏలూరులో వకీలుగా బతికిన నండూరి, పల్లె జనం మాటలోనే ఎంకినీ నాయుడు బావనూ పాడారు. ఎంకి పాట ప్రేమపాటే. అయినా పూర్వజన్మల తలపులు, వెన్నెల్లో ఏటి మీద కలలు, దేవుడి ముందు ఇద్దరూ ఒకటైపోయే క్షణాలు అందులో తత్వం వైపు ఒక కిటికీ తెరిచి ఉంచాయి. పండితులు పల్లె నుడిని చిన్నచూపు చూసిన కాలంలో అత్యంత సున్నితమైన అనుభవానికి ఆ నుడే చాలునని చూపడం నండూరి సాధించిన పని.

అసలు పల్లె పాటలను వెతికి రాసుకునే పని రాజమహేంద్రవరం చెంత నేదునూరి గంగాధరం భుజాన వేసుకున్నారు. ‘మిన్నేరు’, ‘మున్నేరు’, ‘పన్నేరు’, ‘సెలయేరు’ ఆయన సంకలనాలు. నోటి మీద ఉన్నది నోటితోనే పోతుందన్న భయం ఆయన్ని అన్ని సంపుటాల దాకా నడిపించింది.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. డెల్టా పాటకు దాంతో మరో గొంతు దొరికింది. అక్కడ పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఏకాంతసేవ’ కవుల్లో ఒకరైన వేంకటరావు కుమారుడు, 1920లో నిడదవోలులో పుట్టినవారు. గీతకర్త, స్వరకర్త, ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రచయిత కూడా ఆయనే. తండ్రి పుస్తకంలో పెట్టిన ఏకాంతాన్ని కొడుకు లలితసంగీతంగా మార్చి ఇంటింటికీ పంపారని అనవచ్చు. ఆ కేంద్రంలోనే ఉన్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో తూర్పు గోదావరి శంకరగుప్తంలో పుట్టారు. ఆయన మాతామహుడు ప్రయాగ రంగదాసు వాగ్గేయకారుడు. తెల్లవారుజామున వచ్చే భక్తిరంజని కార్యక్రమంలో రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల పాటల పక్కన తత్వాలకూ చోటు దొరికింది. బాలమురళి గొంతులో అవి కచేరీ నగిషీ తగ్గించుకుని, తంబుర మీద నిలిచి, ఒక్కో మాటకు ఊపిరి పోసుకున్నాయి.

రేడియో ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంది. ఊరికో వరసగా ఉన్న పాటకు ఒక స్థిరమైన వరస ఏర్పడింది. కులం, గురుపరంపర, దీక్ష అన్న గడప లేకుండా ఎవరైనా వినగలిగారు. వంటింట్లో పని చేసుకునే ఆడవాళ్లకూ, భజన అరుగు ఎక్కనివ్వని వాళ్లకూ ఆ పాట చేరింది. చరణం తర్వాత ఆగి మర్మం విప్పే పెద్దాయనకు మాత్రం ఆ కొద్ది నిమిషాల్లో చోటు లేకపోయింది. ఆరు తామరలు, తొమ్మిది వాకిళ్లు, బట్టబయలు చాలామంది శ్రోతలకు సాధనకు దారి చూపే గుర్తులుగా కాక, కారణం తెలియకుండానే మనసును కదిలించే అందమైన మాటలుగా మిగిలాయి. 2016లో బాలమురళి, 2018లో రజనీకాంతరావు కన్నుమూశారు. గురుపీఠాల్లో, కొన్ని ఊళ్ల భజన గోష్ఠుల్లో తత్వాన్ని ఇప్పటికీ అర్థంతో సహా చెబుతున్నారు. మిగతా చోట్ల అది రేడియో నేర్పిన వరసలో, ముద్ర చరణంతో సహా, పాటగా నడుస్తోంది.