దేవరగట్టు రాత్రి, మీ చేతిలో కర్ర

విజయదశమి రాత్రి. పన్నెండు కావస్తోంది. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో, దేవరగట్టు కొండ కింద జనంలో ఇరుక్కుని నిలబడి ఉన్నారు మీరు. దివిటీల పొగకు కళ్లు మండుతున్నాయి. గాలి నిండా కాలిన నూనె వాసన, పసుపు వాసన. పైన గుడిలో మాళమ్మకూ మల్లేశ్వరుడికీ కల్యాణం జరుగుతోంది. కింద వేల మంది తలలెత్తి కొండకేసి చూస్తున్నారు. ఎవరి చేయి చూసినా కర్రే.

మీ పక్కన నెరణికి కుర్రాడు. కాళ్లకు చెప్పుల్లేవు. స్వామికి కంకణం కట్టిన రోజు నుంచీ చెప్పులు తొడగలేదు, మాంసం ముట్టలేదు, మందు జోలికి పోలేదు. "రొంత పట్టుకో అన్నా" అంటూ తన కర్ర మీ చేతిలో పెట్టి తలగుడ్డ బిగించుకుంటున్నాడు.

ఆ కర్రను దగ్గరగా చూడండి. నిలువెత్తు కర్ర. చేయి పట్టే చోట నునుపు తేలింది. కొనకు ఇనుప రింగులు ఒకదాని కింద ఒకటి బిగించారు. గోటితో తడితే సన్నగా మోగుతున్నాయి. ఎత్తి బరువు చూస్తారు. వేళ్లు బిగుసుకుంటాయి. కుర్రాడు చేయి చాపాడు. ఇచ్చేయాలి. కానీ ఒక్క క్షణం ఇవ్వబుద్ధి కాదు.

ఎందుకని? మీరు ఎవరినీ కొట్టడానికి రాలేదు కదా!

"అది దేవుడు దిగే దావ నాయనా, ఆడ నిలబడాకు" అని ఒక పెద్దాయన మీ భుజం పట్టి లాగుతాడు. ఎటు వెళ్లాలి? చెట్టెక్కితే అంతా కనబడుతుంది. కానీ 2023లో ఈ ఉత్సవంలోనే కొమ్మ విరిగి, ఎక్కి చూస్తున్నవాళ్లు పడిపోయారు, ప్రాణాలు పోయాయి. పోలీసుల వెనక్కి పోతే భయం లేదు, చూసేదీ ఉండదు. మీరు పెద్దాయన పక్కనే ఒక బండను ఆనుకుంటారు.

నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు ఉత్సవ విగ్రహాలకు కాపలా. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ విగ్రహాలను దక్కించుకోవాలని మీద పడతారు. "ముందే పాలబాస చేసింటాం. పాలు ముట్టి ఒట్టేసుకున్యాక మాలో మాకు పగ ల్యా" అంటాడు పెద్దాయన.

పగ లేనప్పుడు దెబ్బలు దేనికి? దానికీ ఇక్కడ ఒక కథ చెబుతారు. మణి, మల్లాసురుడనే రాక్షసులను శివుడు భైరవుడై ఈ కొండ మీద చంపాడు. చచ్చేముందు వాళ్లు ఏటేటా నరబలి కోరారు. చివరికి పిడికెడు రక్తానికి ఒప్పందం కుదిరింది. అంటే, చంపినంత మాత్రాన రాక్షసుడు పోలేదు. వాటా అడుగుతూ ఇక్కడే ఉన్నాడు.

ఇక్కడ ఆగి వియన్నా వైపు ఒకసారి చూడండి. 1880 ప్రాంతంలో అక్కడ ఒక అమ్మాయి, మంచం పట్టిన తండ్రికి సేవలు చేస్తూ కుర్చీలో కునుకు తీసింది. నల్లపాము తండ్రి మీదికి వస్తున్నట్టు కనబడింది. తోలబోతే కుడిచేయి కదల్లేదు. ఆ తర్వాత ఆ చేయి పడిపోయింది. కండరాల్లో జబ్బు లేదు. ఆమె లోపల అణిచిపెట్టుకున్నది మాటల్లో బయటపడ్డాక చేయి తేరుకుందని ఆమెకు వైద్యం చేసిన డాక్టర్ బ్రాయర్ రాసుకున్నాడు. 1895లో ఆయనా సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి ఆ కథను పుస్తకంలో పెట్టారు. మనసు అడుగున మనకు తెలియని మనసు ఒకటి పనిచేస్తుందనే శాస్త్రానికి అదొక మొదలు. అణిచినది చావదు, వేషం మార్చుకుని తిరిగొస్తుందని ఫ్రాయిడ్ అన్నాడు. దేవరగట్టు రాక్షసుల కథ చెప్పేదీ అదే.

గుడి వైపు కేక. "గోపరాక్! బహుపరాక్!"

కల్యాణం అయిపోయింది. విగ్రహాలు కదిలాయి. కొండ మీద నుంచి దివిటీల వరస కిందికి జారుతోంది. డప్పులు. మీ కాలికింద నేల అదురుతోంది. పెద్దాయన ఏదో అరుస్తున్నాడు. వినబడదు.

దివిటీ ఒకటి గాల్లోకి లేచింది. నిప్పురవ్వలు మీ మెడ మీద పడ్డాయి. దులుపుకుంటారు. వెనక నుంచి తోపు. బండ పట్టు జారిపోయింది. మీరిప్పుడు దారి మధ్యలో ఉన్నారు.

కర్ర మీద కర్ర. ఇనుము మీద ఇనుము. ఎవరిదో మోచేయి మీ పక్కటెముకల్లో. ఊపిరి అందదు. పడకండి. పడితే తొక్కేస్తారు. కాలికి కర్ర తగిలింది. వంగి తీశారు. ఎదురుగా ఒక ముఖం. ఎవరో తెలియదు. మీరు అరుస్తున్నారు. ఏమని? తెలియదు. చేయి లేచింది.

మీరు ఎత్తలేదు. అదే లేచింది.

దించండి.

దించారు. పక్కకు దూకారు. మోకాళ్ల మీద పడ్డారు. గోడ వార. ఊపిరి వచ్చింది.

ఇప్పుడు అడగండి, ఆ కోపం ఎవరిది? గుంపులో మనిషి తన అదుపును గుంపుకు అప్పగిస్తాడని, మామూలుగా అణిచిపెట్టినవి అప్పుడు పైకి లేస్తాయని ఫ్రాయిడ్ 1921లో రాశాడు. మనం నాది కాదని తోసేసిన భాగమంతా నీడలా మన వెంటే ఉంటుందన్నాడు మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్. వాన పడని ఏడు, ఎండిన చేను, గట్టు తగాదా, తీరని బాకీ... ఎవరి నీడ వాళ్లకు ఉంది. మీదీ ఉంది.

నెరణికి కుర్రాడు మీ పక్కన కూలబడ్డాడు. నుదురు చిట్లింది. పిడికెడు బండారు పసుపు తీసి గాయంలో అదుముకుంటూ నవ్వుతున్నాడు. ఈ నవ్వును అర్థం చేసుకోవాలంటే కలకత్తా వెళ్లాలి. అక్కడ 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో వాదించాడు. ప్రతి కోరిక వెనకా దాని ఎదురు కోరిక ఒకటి దాగి ఉంటుందన్నాడు. కొట్టాలన్న కోరిక వెనక కొట్టించుకోవాలన్న కోరిక.

ఊరేగింపు రక్షపడి అనే చోటికి చేరింది. స్వామి సేవకుడు గొరవయ్య తన తొడ నుంచి రక్తం తీసి రాక్షసులకు అర్పిస్తాడు. జనం ఒక్కసారిగా నిశ్శబ్దమవుతారు. తెల్లవారితే బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి. వానలెలా ఉంటాయి, పత్తి, జొన్న ఏ ధర పలుకుతాయి. ఈలోగా గాయపడ్డవాళ్లను ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు తీసుకుపోతున్నారు.

ఆ వియన్నా ఆలోచన మన ఇళ్లకు ఎప్పుడో వచ్చేసింది. గోపీచంద్ నవల 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు తన లోపలి మనిషితోనే పోరాడి ఓడిపోయాడు. 2005లో 'చంద్రముఖి' సినిమా చూసినవాళ్లు గంగకు పట్టింది దయ్యమా, ఆమె మనసేనా అని మాట్లాడుకున్నారు. దయ్యం అన్న చోట మనసు అనగలగడమే ఆ శాస్త్రం మనకిచ్చిన మేలు.

దేవరగట్టును ఆపేయమని నేను అనను. పంటకు భరోసా లేని నేల మీద మనుషులు లోపలిది బయట పెట్టుకునే చోటు ఒకటి ఉండాలి. పాలబాస లాంటి ఒట్టు ఎక్కడ దొరుకుతుంది? కానీ ఇక్కడి కథే దారి చూపించింది. నరబలి కోరిన రాక్షసుడు పిడికెడు రక్తంతో సరిపెట్టుకున్నాడు. ఒకసారి తగ్గిన వాటా మళ్లీ తగ్గుతుంది. కర్రలు ఉండనివ్వండి, ఇనుప రింగులు తీసేయండి. రాక్షసుడికి ఇవ్వాల్సింది గొరవయ్య ఇస్తూనే ఉన్నాడు. కుర్రాళ్ల తలలు అందులో కలపకండి.