పికప్పు వెనక బురద

ప్రత్యేక సంచికకు మన శాఖ చరిత్రలో ఏదైనా ఒక ముక్క రాయమని కార్యదర్శి గారు అడిగారు. ఆనకట్టల గురించి, కాలువల తవ్వకం గురించి రాయగల పెద్ద ఇంజనీర్లు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాని. నాకు తెలిసిన చరిత్ర బిల్లులది, రిజిస్టర్లది, వాటిని మోసిన బండ్లది. అందుచేత మా సబ్ డివిజన్ పికప్పు వెనక పడే బురదను ఆపడానికి మేము పడిన పాట్లు రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు. కాని ఆ బురద ఒక మనిషి పింఛనును పదిహేను నెలలు ఆపింది.

బండికి బురద అడ్డు పెట్టడం పాత సంగతే. ఇవాళ కారులో స్పీడు చూపించే ముల్లు ఉండే చోటును డాష్‌బోర్డు అంటున్నాం. అది మొదట్లో గుర్రపు బగ్గీకి ముందువైపు కట్టిన చెక్క లేక తోలు పలక పేరు. గుర్రం డెక్కలు ఎగజిమ్మే బురద తోలేవాడి మీద పడకుండా దాన్ని కట్టేవారు. మన ఎద్దుబండికి ఆ అవసరం రాలేదు. దాని చక్రానికి బురద ముద్దలుగా అంటుకుంటుంది, అక్కడే రాలిపోతుంది. బురద ఎగరాలంటే చక్రానికి వేగం కావాలి. ఆ వేగం మన పల్లెలకు జీపుతో వచ్చింది.

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. 1941 నుంచి 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. సిపాయి బట్టలకు బురదయితే ఎవరికి పట్టింది? వెనక చక్రం వెనక కిందికి దిగే అడ్డు ఏమీ పెట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వారు బొంబాయిలో ఆ విల్లీస్ జీపులనే బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమయ్యాక బ్లాకు ఆఫీసులకు జీపులు వచ్చాయి, ఊళ్ళో జీపు కనబడితే సర్కారు వచ్చిందని జనం అనుకునేవారు. ఆ జీపు ముఖానికే వెనక తొట్టి తగిలిస్తే పికప్పు. మనుషులు ముందు, సామాను వెనక.

నేను 1974లో కృష్ణా డెల్టాలో ఒక నీటిపారుదల సబ్ డివిజన్ ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. మా పికప్పు తిరిగేది కాలువ కట్టల మీద. నల్లరేగడి సంగతి ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఎండలో రాయి, వానలో జిగురు. డ్రైవరు భాయి నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. వానాకాలం రాగానే వెనక చక్రాల వెనక రెండు గోనెసంచులు వేలాడదీసేవాడు. అవి రెండు మైళ్ళు బాగానే ఉండేవి. తర్వాత నీళ్ళు పీల్చి బరువెక్కి, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, ఎక్కడో చక్రం కింద పడి ఊడిపోయేవి. వెనక తొట్టి తలుపు, నంబరు ప్లేటు, ఎర్ర లైటు అన్నీ ఒకే రంగు. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

1983 ఫిబ్రవరి మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించారు. 55 దాటిన వారంతా ఫిబ్రవరి 28న ఒక్కసారిగా ఇంటికి వెళ్ళారు. తర్వాత మళ్ళీ 58 చేశారు. మా ఆఫీసులో పెద్ద గుమాస్తా గారు వారిలో ఒకరు. నాకు నోటు రాయడం, ఫైలు కుట్టడం నేర్పినది ఆయనే. "నాయనా, కాగితం పోతే మనిషి పోయినట్టే" అనేవారు.

పింఛను కాగితాలు ఒక్కసారిగా మీద పడేసరికి అవి తేలడానికి వానాకాలం వచ్చింది. జూలైలో ఒక రోజు ఆరు సర్వీసు రిజిస్టర్లు డివిజన్ ఆఫీసుకు చేర్చే పని నాకు పడింది. అదే ట్రిప్పులో లాకుల దగ్గర దింపవలసిన సిమెంటు బస్తాలు కూడా ఉన్నాయి. బస్తాలు ముందు ఎక్కించారు. రిజిస్టర్ల కట్ట ఆఖరున, వెనక తలుపుకు ఆనించి పెట్టించాను. పైన టార్పాలిన్ కప్పించి, నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఒళ్ళో పెట్టుకోవలసింది. అన్నం మూట ఒళ్ళో ఉంది.

వాన పైనుంచి లోపలికి రాలేదు. బురదనీళ్ళు కిందనుంచి, తలుపు అతుకుల సందులోంచి వచ్చాయి. డివిజన్ ఆఫీసులో కట్ట విప్పితే అట్టడుగున ఉన్నది పెద్ద గుమాస్తా గారి రిజిస్టరు. 1949 నుంచి 1956 వరకు ఉన్న పేజీలు ముద్దయిపోయాయి. మద్రాసు రాష్ట్రం ముద్రలు, 1953 తర్వాత ఆంధ్ర రాష్ట్రం ముద్రలు, వాటి పక్కన సంతకాలు అన్నీ నీలం మరకలు. ఆ ఏడేళ్ళ సర్వీసుకు రుజువు లేదన్నారు.

తర్వాత జరిగింది మీకు తెలిసిన కథే. పాత జీతాల బిల్లులు వెతకడం, ఆయన పనిచేసిన ప్రతి ఆఫీసుకు ఉత్తరాలు రాయడం, తోటివారి చేత ప్రమాణ పత్రాలు రాయించడం. తాత్కాలిక పింఛను కొంత వచ్చింది గాని, పూర్తి పింఛను, గ్రాట్యుటీ వచ్చేసరికి 1984 అక్టోబరు అయింది. ఈలోగా ఆయన కూతురి పెళ్ళి ఒకసారి వాయిదా పడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ జూలై నుంచే భాయీ, నేనూ బండి వెనక భాగం మీద పడ్డాం. కొత్త మడ్‌ఫ్లాపులు కావాలని ఇండెంటు పెడితే "అత్యవసరం కాదు" అని తిరిగి వచ్చింది. మొదట రేకు ముక్కలు కట్టాం. మోత భరించలేకపోయాం. పైగా మొదటిసారి రివర్సు చేయగానే కట్టకు తగిలి మడత పడ్డాయి. తర్వాత లారీ ట్యూబు కోసి కట్టాం. అది మెత్తన కాబట్టి విరగదు, కాని బండి వేగం అందుకోగానే గాలికి వెనక్కి లేచి జెండాలా ఎగిరేది. అడుగున ఇనప పట్టీ బిగిస్తే కొంత నయం.

అసలు కిటుకు చెప్పింది బస్టాండు దగ్గర టైరు చెప్పులు కుట్టే తాత. మేము పాత లారీ టైరును గంటసేపు కత్తితో పోరాడుతుంటే చూసి నవ్వాడు. కత్తిని నీళ్ళలో ముంచి కోయాలట, తడి కత్తి రబ్బరులో పట్టేయదు. టైరును పొరలుగా విడదీసి, మధ్య పొర మాకిచ్చాడు. వంగుతుంది, ఎగరదు, చినగదు. దాన్ని బోల్టులతో ఊరికే బిగిస్తే బొక్కల దగ్గర చిరుగుతుందని, ముందొక ఇనప పట్టీ, వెనకొక పట్టీ పెట్టి మధ్యలో రబ్బరు నొక్కి బిగించమన్నదీ ఆయనే.

కొలతలు మాత్రం మేమే తప్పులు చేసి నేర్చుకున్నాం. ఖాళీ బండికి నేల నుంచి జానెడు ఎత్తున పెడితే, సిమెంటు ఎక్కగానే స్ప్రింగులు కుంగి ఫ్లాపు నేలకు తగిలింది. కాబట్టి బరువు ఎక్కించి కొలవాలి. చక్రానికి మరీ దగ్గరగా పెడితే రేగడి మధ్యలో ఇరుక్కుని చక్రాన్నే పట్టేసింది. ఒకసారి కట్ట మీద ఇద్దరం గునపంతో గీకి చక్రం విడిపించాం. నాలుగు వేళ్ళకు తగ్గకుండా సందు ఉండాలి. రివర్సు చేసేటప్పుడు ఫ్లాపు చక్రం కిందికి పోకుండా, పైకి లాగి తగిలించడానికి చిన్న గొలుసు పెట్టాం. చక్రం పైభాగం లోపలివైపు వాడేసిన ఇంజను ఆయిలు పూస్తే మట్టి అంత గట్టిగా అంటుకునేది కాదు.

ఇంతా చేశాక తలుపు మీద బురద తగ్గింది గాని పోలేదు. ఇది మాకు చాలాకాలం అంతుపట్టలేదు. ఒక వేసవిలో కారణం కనబడింది. బురదే లేని రోజున కూడా దుమ్మంతా వెనక తలుపు మీదే పేరుకుంది. బండి ముందుకు పోతుంటే దాని వెనక ఖాళీ ఏర్పడి, అక్కడికి గాలి సుళ్ళు తిరుగుతూ వస్తుంది, చక్రాలు లేపిన తుంపర, దుమ్ము దానితో పాటు వచ్చి తలుపుకు అంటుకుంటాయి. బల్లపరుపు వీపు ఉన్న ప్రతి బండికీ ఇదే గతి. ఏ ఫ్లాపూ దీన్ని పూర్తిగా ఆపలేదు. అందుకని మేము తలుపు శుభ్రంగా ఉంచాలన్న పట్టుదల వదిలేసి, లోపలికి రానివ్వకుండా చూశాం. సైకిలు ట్యూబు నిలువుగా చీల్చి తలుపు అంచు చుట్టూ తొడిగాం. ఎర్ర లైటుకు పైనా పక్కలా డాల్డా డబ్బా రేకుతో చిన్న గొడుగు చేశాం. రాత్రిపూట వెనక వచ్చే లారీకి మా లైటు కనబడటం ఎంత అవసరమో డ్రైవర్ల ఇళ్ళలో వారికి చెప్పాలా!

రిజిస్టర్లు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ వెనక పెట్టలేదు.

1984 నవంబరులో పెద్ద గుమాస్తా గారు పింఛను ఉత్తర్వు తీసుకుని ఆఫీసుకు వచ్చి అందరికీ మిఠాయి పంచారు. బయట పికప్పు వెనక వంగి టైరు ముక్కను చేత్తో పట్టి ఊపి చూశారు. "ఏమోయ్, దీనికి ఓచరు పెట్టావా?" అన్నారు. తాతకు ఇచ్చిన పదకొండు రూపాయలు నా జేబులోవి. పెట్టలేదన్నాను. "పెట్టకు. ఆడిట్ వాళ్ళు ఇంకో పదిహేను నెలలు తింటారు" అని వెళ్ళిపోయారు.

ఆయన అన్నట్టే అయింది. 1991లో పికప్పును కండెమ్ చేసి వేలం వేశారు. అంతకు ముందు లిస్టు సరిచూసిన అధికారి బండి చుట్టూ తిరిగి, రబ్బరు ఫ్లాపులు రెండు, గొలుసులు రెండు, రేకు గొడుగులు రెండు స్టాకు రిజిస్టరులో లేవని రాశారు. ఉన్న సామాను లేకపోతే సంజాయిషీ అడగడం తెలుసు, లేని సామాను ఉంటే ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. చివరికి "బండిలో భాగము" అని నేనే ఒక వాక్యం రాసి సంతకం పెట్టించాను. వేలంలో పాడుకున్న రైతు ఇంజను తెరిచి చూడలేదు. వెనక్కి వెళ్ళి ఫ్లాపులు పట్టి లాగి, "ఇవి కూడా బండితోనే వస్తాయా అండీ?" అని అడిగాడు. వస్తాయన్నాను.